గోనెలోని వెండి గిన్నె: ఆదికాండము 44వ అధ్యాయముపై ఒక విమర్శనాత్మక పరిశీలన

1. సమస్య

ఆదికాండము 44వ అధ్యాయములో బెన్యామీను గోనె మూతిలో దొరికిన వెండి గిన్నె మన ప్రసంగ వేదికలకు బాగా పరిచయమున్న వస్తువు. దాని మీద సాధారణంగా మూడు రకాల సందేశాలు వినిపిస్తాయి. మొదటిది ఆశీర్వాద సందేశము: మనకు తెలియకుండానే దేవుడు మన గోనెలో వెండి గిన్నె పెట్టి పంపుతాడు, ఇంటికి వెళ్ళి విప్పి చూసుకోవాలి అన్నది దాని సారము. రెండవది ఛాయారూప సందేశము: యోసేపు క్రీస్తుకు సాదృశ్యము గనుక అతడు చేసినదంతా ప్రేమతో చేసిన శోధనే, అందులో ప్రశ్నించవలసినది ఏమీ లేదు. మూడవది వేదిక మీద కంటె గడప దగ్గర ఎక్కువగా వినిపించే ప్రశ్న: యోసేపే గిన్నెతో శకునము చూశాడు కదా, మరి పోయిన వస్తువు కోసం అంజనము వేయిస్తే తప్పేమిటి?

ఈ మూడింటినీ లేఖన భాగము ఎదుట నిలబెట్టి చూడడము ఈ వ్యాసము ఉద్దేశము. చివరిలో సాధారణంగా ఎవరూ అడగని నాలుగవ ప్రశ్న ఒకటి అడగవలసి ఉంది. మోపిన దొంగతనము అబద్ధమని తేలిన తరువాత ఆ మాట బెన్యామీనుతో ఎవరు చెప్పారు?

ఇది తరగతి గదికి మాత్రమే పరిమితమైన చర్చ కాదు. 2016 అక్టోబరులో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుండి వేరుపడి జిల్లాలైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల సంఘాలను దృష్టిలో పెట్టుకొని ఈ అధ్యాయాన్ని చదివితే దాని బరువు తెలుస్తుంది. 1920లో నాగర్‌కర్నూలులో మొదలై తరువాత శంషాబాదుకు మారిన బైబిలు పాఠశాల, 1937లో అమెరికన్ బాప్టిస్టుల నుండి మెన్నొనైట్ బ్రదరెన్ మిషను చేతికి వచ్చిన గద్వాల క్షేత్రము, వనపర్తి సంస్థానపు ఊళ్ళలో నిలిచిన సంఘాలు ఎక్కువగా కూలి చేసుకొని బ్రతికేవారి మధ్య పెరిగాయి. కరువు వస్తే మూట కట్టుకొని ధాన్యమున్న దేశానికి నడవడము, అక్కడ అధికారి ఎదుట చేతులు కట్టుకొని నిలబడడము, మూట విప్పి చూపించమంటే విప్పడము ఈ విశ్వాసులకు పుస్తకములోని కథ కాదు. ‘పాలమూరు లేబర్’ అన్న పేరుతో దేశమంతటా ఆనకట్టలు, కాలువలు కట్టిన తరాల అనుభవము అది. యాకోబు కుమారుల ప్రయాణాన్ని మన వ్యాఖ్యానాల కంటె ఈ జనమే దగ్గరగా ఎరుగుదురు.

2. మాటయు వస్తువును

యోసేపు గిన్నెకు హెబ్రీ మూలములో వాడిన మాట ‘గబీయ’. ఈ అధ్యాయములో అది ఐదు మార్లు వస్తుంది (44:2లో రెండు సార్లు, 12, 16, 17). సాధారణముగా త్రాగే గిన్నెకు హెబ్రీలో ‘కోస్’ అనే మాట ఉంది. 40వ అధ్యాయములో పానదాయకుల అధిపతి కలగన్న ఫరో గిన్నె కోస్. 23వ కీర్తనలో పొర్లి పారే గిన్నె కూడా కోస్. కథకుడు ఇక్కడ కావాలని మాట మార్చాడు. గబీయ అనే మాట మరల ఎక్కువగా కనబడేది ప్రత్యక్ష గుడారపు దీపవృక్షము వర్ణనలో (నిర్గమ 25:31–34). అక్కడ బాదము పువ్వు రూపముగల కలశాలకు ఇదే పేరు. యిర్మీయా 35:5లో రేకాబీయుల ముందు ద్రాక్షారసముతో నింపి పెట్టిన పాత్రలకు కూడా ఇదే పేరు. తెలుగు బైబిలులో ఒకచోట గిన్నె, మరొకచోట కలశము అని వేర్వేరు మాటలు ఉండడము వలన ఈ సంబంధము తెలుగు పాఠకునికి కనబడదు. యోసేపు గిన్నె మీది చెక్కడపు పనిని కథకుడు వర్ణించలేదు. అయితే ఆ మాట ఇంట్లో అందరూ నీళ్ళు త్రాగే లోటాను గాక ప్రభువుల బల్ల మీది పాత్రను సూచిస్తుందని ఈ వాడుకలు చెబుతున్నాయి.

గ్రీకు అనువాదమైన సెప్టువజింటు దీనిని ‘కొందు’ అన్నది. అది పారసీక దేశపు త్రాగుడు పాత్ర పేరు. ఆ అనువాదకులు ఇంకొక పని కూడా చేశారు. హెబ్రీ పాఠములో గృహనిర్వాహకుడు మేలుకు కీడు ఎందుకు చేశారని అడిగి, వస్తువు పేరు చెప్పకుండానే అది తన ప్రభువు త్రాగేదని అంటాడు. ఈ వెలితిని గమనించిన గ్రీకు అనువాదకులు, నా వెండి పాత్రను ఎందుకు దొంగిలించారు అనే ప్రశ్నను చేర్చారు. హెబ్రీ పాఠము మాత్రము ఆ మాట చెప్పకుండా వదిలేసింది. మోపేవాడు వస్తువు పేరు ఎత్తకుండానే నేరము మోపగలడు. అధికారము అలా మాట్లాడుతుందని ఎరిగినవారికి హెబ్రీ పాఠములో సవరించవలసిన లోపమేమీ కనబడదు.

ఇక వస్తువు సంగతి. ఐగుప్తులో బంగారము దొరికేది, వెండి చాలా మట్టుకు పై దేశాల నుండి రావలసి ఉండేది. అందుచేత ప్రాచీన కాలములో అక్కడ వెండికి బంగారమును మించిన విలువ ఉండేది. 1936లో లక్సరుకు దక్షిణాన తోద్ అనే ఊరిలోని మోంతు దేవాలయపు నేల క్రింద ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞుడు బిసోన్ ద లా రోక్ నాలుగు లోహపు పెట్టెలు బయటికి తీశాడు. వాటి మీద క్రీస్తు పూర్వము 19వ శతాబ్దపు తొలి భాగములో ఏలిన రెండవ అమెనెమ్హాతు పేరు ఉంది. లోపల సుమారు నూట ఏబది వెండి గిన్నెలు ఉన్నాయి. అనేకమైన వాటిని మడిచి, నలగగొట్టి పెట్టెలో సర్దారు. పువ్వు రేకుల వలె నొక్కులు తీర్చిన ఆ పనితనము ఐగుప్తుది కాదు, సముద్రమవతలి దేశాలది. ఆ నిధి నేడు పారిస్ లూవ్రు మ్యూజియములోను కైరోలోను పంచబడి ఉంది. 1906లో నైలు డెల్టాలోని తెల్ బస్తాలో దొరికిన మరొక నిధిలో పందొమ్మిదవ రాజవంశ కాలపు చెక్కడాల వెండి పాత్రలు, మేకపిల్ల ఆకారములో బంగారు పిడిగల వెండి కూజా ఉన్నాయి.

ఈ నిధులు యోసేపు గిన్నెను నిరూపించవు, వాటిని అందుకోసం వాడకూడదు. అయితే కథ ఏ లోకములో నడుస్తున్నదో చూపిస్తాయి. తోద్‌లోని గిన్నెలు నలిగి ఉన్నాయంటే వాటిని దాచినవారికి కావలసింది తూకమే. యోసేపు గిన్నె విలువ తూకములో లేదు. అది ఎవరి పెదవులు తాకే గిన్నె అన్నదే దాని విలువ. అందుకే గృహనిర్వాహకుడు ధర చెప్పడు, ప్రభువు పేరు చెబుతాడు. హమ్మురాబి శాసనాలలో ఆరవది దేవాలయపు సొత్తునో రాజభవనపు సొత్తునో దొంగిలించినవానికి మరణము విధిస్తుంది. అన్నలు తమ నోటితోనే, దొరికినవాడు చావాలని అనడములోని (44:9) బరువు అప్పుడు అర్థమవుతుంది.

3. వెండి లెక్క

హెబ్రీలో వెండికీ డబ్బుకూ మాట ఒకటే, ‘కెసెఫ్’. తెలుగులో ఒకచోట వెండి, మరొకచోట రూకలు అని చదువుతాము గనుక కథకుడు నేసిన దారము తెగిపోతుంది. 42వ అధ్యాయము నుండి 45వ అధ్యాయము వరకు హెబ్రీ పాఠములో ఈ మాటను లెక్కపెడితే సరిగ్గా ఇరువది మార్లు వస్తుంది. యోసేపును అమ్మినది ఇరువది తులముల వెండికి (37:28). లెక్క యాదృచ్ఛికమని ఎవరైనా అనవచ్చు. కానీ మాట యాదృచ్ఛికము కాదు. తమ్ముని అమ్మి వెండి తీసుకున్నవారి గోనెలలో వారికి తెలియకుండా వెండి తిరిగి వస్తున్నది. మొదటిసారి దానిని చూచి వారి గుండెలు చెదిరాయి (42:28). రెండవసారి అది గిన్నెయై వచ్చింది.

ఇక్కడే ఆశీర్వాద సందేశము కూలిపోతుంది. ఈ కథలో గోనెలో దొరికిన వెండిని చూచి సంతోషించినవాడు ఒక్కడూ లేడు. 42వ అధ్యాయములో వణికారు, 43వ అధ్యాయములో రెట్టింపు సొమ్ముతో తిరిగి వచ్చి వివరణ ఇచ్చుకున్నారు, 44వ అధ్యాయములో బట్టలు చింపుకొన్నారు. గోనెలోని గిన్నెను దేవుని దీవెన అని ప్రకటించే బోధకుడు గిన్నె ఉన్న వచనాన్ని చదివి, బట్టలు చినిగిన వచనాన్ని వదిలేశాడన్నమాట. మన సంఘస్థుల మూటలో యజమాని ఇంటి వెండి దొరికితే వారి ఇంట జరిగేది పండుగ కాదు, పోలీసు ఠాణా ప్రయాణము. ఈ ఒక్క సంగతి తలంచుకున్నా ఆ సందేశము నోట రాదు.

4. శకునము ఎవరు చూశారు?

శకునము చూచుటకు ఇక్కడ వాడిన హెబ్రీ క్రియ (44:5, 15) లేవీయకాండము 19:26లో నిషేధించబడినదే. ఆదికాండము 30:27లో లాబాను తన గురించి చెప్పుకొన్నదీ ఇదే. పాత్రలోని నీటిలో నూనె చుక్క వేసి దాని కదలికను బట్టి ఫలము చెప్పే పద్ధతి ప్రాచీన బబులోనులో ఉండేది. దానికి సంబంధించిన మట్టి పలకలు దొరికాయి. కాబట్టి గిన్నెతో శకునము అనే మాట విన్న అన్నలకు ఆశ్చర్యము కలుగలేదు.

కానీ విమర్శకుడు అడగవలసిన ప్రశ్న, ఈ మాట ఎవరిది అన్నది. యోసేపు శకునము చూశాడని కథకుడు తన మాటగా ఎక్కడా చెప్పలేదు. ఒకసారి నేర్పి పంపిన సేవకుడు చెప్పాడు, మరొకసారి ఐగుప్తు అధికారి వేషములో ఉన్న యోసేపు చెప్పాడు. కలల భావము దేవునిదే అని చెరసాలలోను (40:8) ఫరో ఎదుటను (41:16) చెప్పిన నోరు ఇదే. అంతకంటె ముఖ్యమైనది, ఈ గిన్నె ఏమీ కనిపెట్టలేదు. దొంగ ఎవరో గిన్నె చెప్పలేదు. గిన్నెను ఎక్కడ పెట్టారో పెట్టించినవానికి ముందే తెలుసు. పెద్దవాని మొదలుకొని చిన్నవాని వరకు వరుసగా వెదకిన ఆ వెదకులాట (44:12) అంతా నాటకమని పాఠకునికి తెలుసు, అన్నలకు తెలియదు.

గడప దగ్గరి ప్రశ్నకు ఇదే జవాబు. పల్లెలో వస్తువు పోతే తమలపాకు మీదనో బొటనవ్రేలి గోటి మీదనో కాటుక రాసి అంజనము చూస్తారు. చూచిన తరువాత చెప్పే ఆనవాళ్ళు తరచుగా వాడకట్టులో దిక్కులేనివాని ఇంటివైపే నడుస్తాయి. అంజనము పాపమని ఒక వచనము చూపించి ఊరుకోవడము చాలదు. శకునము చెప్పేవాని జ్ఞానము వెనుక మనుషుల ఏర్పాటు ఉంటుందని ఈ అధ్యాయమే తెరచి చూపుతున్నదని కాపరి వివరించాలి. యోసేపు పేరు చెప్పి అంజనాన్ని సమర్థించేవారు, అసలు అంజనపు గుట్టు విప్పే కథనే తమకు సాక్ష్యముగా పిలుస్తున్నారు.

5. శోధనకు ఉన్న న్యాయము, దాని హద్దు

యోసేపు పక్షమున చెప్పవలసినది చెప్పాలి. అతడు పాత పరిస్థితిని మరల నిలబెట్టాడు. రాహేలు కుమారుడు మరల ఒకడు, తండ్రి ప్రేమ మరల అతని మీద, మధ్యలో మరల వెండి. తమ్ముని వదిలేసి తాము సుఖముగా ఇంటికి పోయే మార్గము మరల తెరచి ఉంది. సమాధానముగా మీ తండ్రియొద్దకు వెళ్ళండి అని యోసేపు అన్నాడు (44:17). ఒకప్పుడు ఈ అన్నలు యోసేపుతో సమాధానముగా మాట్లాడలేకపోయారు (37:4). అక్కడా ఇక్కడా హెబ్రీ మాట ‘షాలోమ్’. తమ్ముని దాసునిగా వదిలిపెడితే దొరికే సమాధానమది. ఇప్పుడు వారు దానిని తీసుకుంటారా అన్నది ప్రశ్న. మాటలతో అడిగితే ఈ ప్రశ్నకు నిజమైన జవాబు రాదు. ఆ మేరకు శోధన న్యాయమే.

అయితే సాదృశ్యమనే మాటతో మిగిలినదానిని కప్పివేయకూడదు. సాక్ష్యము కల్పించి నిర్దోషిని నేరస్థునిగా నిలబెట్టడము ఈ శోధనకు సాధనము. ఆ శిక్ష దాసత్వము. అదే యోసేపు 47వ అధ్యాయములో ఆకలిగొన్న ఐగుప్తీయుల సొమ్మును, పశువులను, చివరికి పొలాలను శరీరాలను ఫరోకు కొన్నాడని లేఖనమే దాచకుండా చెప్పింది. నిజాం ప్రభుత్వము 1936లో భగేలా ఒప్పందాల మీద నిబంధన తెచ్చినా, 1976లో దేశమంతటికీ వెట్టి రద్దు చట్టము వచ్చినా, అప్పు తీర్చలేక ఒళ్ళు తాకట్టు పెట్టడమంటే ఏమిటో గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న కుటుంబాలకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ జనము ముందు నిలబడి ఈ ఏర్పాటంతా క్రీస్తు ప్రేమకు ఛాయ అని చెబితే వాక్యమునకూ క్రీస్తునకూ అన్యాయము చేసినవారమవుతాము.

క్రీస్తుకు ఛాయ వెదకాలనుకుంటే అధ్యాయము మరొకని చూపిస్తున్నది. తమ్ముని అమ్ముదామన్నది యూదా (37:26–27). పూటపడ్డది యూదా (43:9). ఇప్పుడు, చిన్నవానికి ప్రతిగా నన్ను దాసునిగా ఉంచుకొమ్మన్నదీ యూదాయే (44:33). ఆదికాండములోకెల్ల దీర్ఘమైన అతని ప్రసంగములో (44:18–34) తండ్రి అనే మాట హెబ్రీలో పదునాలుగు మార్లు వస్తుంది. ఆ తండ్రి తమకంటె చిన్నవానినే ఎక్కువ ప్రేమించాడని అతనికి తెలుసు. ఒకప్పుడు అసూయకు కారణమైన ఆ పక్షపాతాన్నే ఇప్పుడు వాదనకు ఆధారము చేసుకొన్నాడు. తండ్రి మారలేదు, కుమారుడు మారాడు. మన ప్రభువు యూదా గోత్రములో పుట్టెనని హెబ్రీ పత్రిక 7:14 గుర్తుచేస్తున్నది. ప్రత్యామ్నాయమనే సిద్ధాంతము ఆదికాండములో అధికారి సింహాసనము దగ్గర గాక, నేల మీద సాగిలపడినవాని నోట మొదట వినబడింది.

ఒక హెచ్చరిక. దేవుడు నీ దాసుల దోషము కనుగొనెనని యూదా అన్న భావము (44:16) చాలా ప్రమాదకరముగా వాడబడుతున్నది. చేయని నేరము మీద పడి ఏడ్చేవారితో, నీ బ్రతుకులో వేరే పాపము ఏదో ఉంది, ఒప్పుకొమ్మని చెప్పడానికి దీనిని ఎత్తుతారు. యూదా తన పాత దోషాన్ని తానే చెప్పుకొన్నాడు. ఎవరూ అతని మెడ మీద దానిని పెట్టలేదు. పైగా ఆ దోషము నిజముగా ఉన్నవాడు అతడు, గిన్నె దొరికినది మాత్రము ఆ దోషములో పాలులేని బెన్యామీను దగ్గర.

6. బెన్యామీను మౌనము

ఇప్పుడు నాలుగవ ప్రశ్న. ఆదికాండమంతటిలో బెన్యామీను నోట ఒక్క మాట లేదు. గోనె విప్పినప్పుడు అతడు ఏమన్నాడో కథకుడు చెప్పలేదు. అన్నలు ఏమనుకున్నారో కూడా చెప్పలేదు. యూదుల ప్రాచీన వ్యాఖ్యానమైన బెరేషిత్ రబ్బా, అన్నలు అతనిని దొంగ కొడుకు దొంగ అని నిందించినట్లు ఊహించింది. ఆ ఊహకు లేఖనములో దారి ఉంది. రాహేలు తన తండ్రి గృహదేవతలను దొంగిలించింది; లాబాను గుడారాలన్నీ వెదకాడు, దొరకలేదు (31:35). ‘వెదకెను’ అనే హెబ్రీ క్రియ అక్కడా ఇక్కడా (44:12) ఒకటే. అక్కడ యాకోబు, ఇక్కడ అతని కుమారులు, దొరికినవాడు బ్రతుకకూడదని తెలియక పలికారు. తల్లి దొంగిలించి దొరకలేదు, కొడుకు దొంగిలించకుండా దొరికాడు. నింద అనేది వంశము మీదుగా, కులము మీదుగా, వాడకట్టు మీదుగా నడుస్తుందని మన పల్లెలకు తెలుసు.

44:17 తరువాత గిన్నె కథలో నుండి మాయమవుతుంది. 45వ అధ్యాయములో యోసేపు తనను తాను బయలుపరచుకొన్నాడు, బెన్యామీను మెడ మీద పడి ఏడ్చాడు (45:14), అతనికి మూడు వందల తులముల వెండి, ఐదు దుస్తులు ఇచ్చాడు (45:22). అమ్మిన దోషము విషయమై అన్నలతో దేవుని సంకల్పము గురించి విపులముగా మాట్లాడాడు. కానీ ఆ గిన్నెను నేనే పెట్టించాను, నీవు దొంగవు కావు అనే మాట పాఠములో లేదు. కెసెఫ్ అనే మాట ఇరువదవసారి వచ్చేది ఆ మూడు వందల తులముల దగ్గరనే. వెండితో మోపిన నింద వెండితో సర్దుబాటైనట్లు కనబడుతుంది.

ఆ కౌగిలిలోనే అంతా అర్థమైపోయిందని కొందరు సమాధానము చెప్పవచ్చు. కథ వరకు అది నిజము కావచ్చు. సంఘ క్రమశిక్షణ వరకు అది చాలదు. చందా సొమ్ము తగ్గినప్పుడో, ఆరాధన మందిరపు వస్తువు కనబడనప్పుడో ముందుగా ఎవరి సంచి వెదకుతామన్నది మన వేదాంతాన్ని బయటపెడుతుంది. తరువాత వస్తువు అలమారలోనే దొరుకుతుంది. అప్పుడు మనము చేసేదేమిటి? ఆ మనిషిని పిలిచి భోజనము పెడతాము, పండుగకు బట్టలు పెడతాము, ఏమీ జరగనట్లు నవ్వుతాము. పదిమంది ముందు మోపిన నిందను పదిమంది ముందు తీసివేయము. ఐదు దుస్తులు ఇవ్వడము తేలిక, నీవు దొంగవు కావు అనడము కష్టము. ఎందుకంటే ఆ మాటలో, తప్పు మాది అన్న రెండవ మాట దాగి ఉంటుంది.

7. ముగింపు

ఈ అధ్యాయాన్ని బోధించే కాపరికి మూడు సూచనలు. గిన్నెను ఆశీర్వాదముగా చూపవద్దు, అది బట్టలు చింపించిన గిన్నె. శకునమును యోసేపు ఖాతాలో వేయవద్దు, ఆ మాట నాటకములోని పాత్రధారులదే గాని కథకునిది కాదు. ప్రత్యామ్నాయమును యూదా దగ్గర చూపించండి, అతని మార్పే ఈ అధ్యాయములో దేవుడు చేసిన పని.

విద్యార్థులకు ఒక పని మిగిలింది. మౌనముగా ఉన్న పాత్రలను లెక్కించడము మన వ్యాఖ్యాన పద్ధతిలో ఇంకా అలవాటు కాలేదు. మాట్లాడినవారి మీద వ్యాఖ్యానాలు అనేకము. గోనె విప్పి నిలబడినవాని మీద తక్కువ. ప్రసంగము సిద్ధపరచునప్పుడు బెన్యామీను ప్రక్కన కూర్చొని ఒకసారి అధ్యాయమంతా చదవండి. వచ్చే ఆదివారము మీ యెదుట కూర్చున్నవారిలో, నిర్దోషినని తేలినా ఆ మాట ఎవరూ చెప్పగా విననివారు ఉండవచ్చు. వారితో ఆ మాట చెప్పడము కాపరి పని.